కొన్నవాడు చూసుకుంటాడులే

గుంటూరులో ఒక హెడ్మాస్టరు గారు 1990లో యమహా ఆర్‌ఎక్స్ 100 కొన్నారు. స్కూటరు కొనాల్సిన వయసులో, స్కూటరు కొనాల్సిన ఉద్యోగంలో ఉన్న మనిషి నల్లటి మోటారు సైకిలు కొన్నాడని బ్రాడీపేటలో నాలుగు రోజులు చెప్పుకున్నారు. కథకు ఆయన పేరుతో పని లేదు, బండి సంగతే ముఖ్యం. ఎస్కార్ట్స్ వాళ్ల ద్వారా 1985లో మన దేశానికి వచ్చిన బండి అది. 1996తో తయారీ ఆగిపోయింది. 98 సీసీ ఇంజను, 11 గుర్రాల శక్తి, నూరు కిలోల చుట్టుపక్కల బరువు. కాగితం మీద చూస్తే చిన్న బండే. యాక్సిలరేటర్ తిప్పినవాడికి మాత్రం ఆ అంకెలు గుర్తుండవు.

హెడ్మాస్టరు గారు పద్ధతి గల మనిషి. ఆదివారం పొద్దున బండి కడిగేవారు, ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దేవారు, ఆయిల్ ఎప్పుడూ ఒకే బంకులో పోయించేవారు. పదమూడేళ్లు అలాగే నడిచింది. 2003లో, ఇంకో ఏడాదికి రిటైరవుతారనగా, బండికి ఒక చిన్న జబ్బు మొదలైంది. వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలేసినా రేసు దిగేది కాదు. శంకర్ విలాస్ సెంటర్లో ఆగితే, ఎవరూ ముట్టుకోకుండానే ఇంజను గుర్రుమని పెరిగేది. మెకానిక్‌కి చూపించారు. "ఎడమవైపు క్రాంకు సీలు ఎండిపోయి ఉంటదండీ, మ్యాగ్నెటో విప్పి చూడాలి" అన్నాడతను.

అప్పటికే ఒక ఎరువుల కొట్టాయన బండిని బేరం చేసి బయానా కూడా ఇచ్చేశాడు. అమ్మే బండికి ఖర్చెందుకు? కొన్నవాడు చూసుకుంటాడులే అనుకున్నారు హెడ్మాస్టరు గారు. ఫారం 29 మీద, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, మిగతా గళ్లు ఖాళీగా వదిలేసి, తాళాలు ఆయన చేతికిచ్చారు. ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి ఆర్సీలో పేరు మార్పించుకునే పని కూడా కొన్నవాడే చూసుకుంటాడు కదా.

ఎరువుల కొట్టాయన ఆ వేసవిలోనే బెజవాడ బయల్దేరాడు. హైవే ఎక్కాక బండి ఎన్నడూ లేనంత చురుగ్గా పోతుందని మురిసిపోయాడు. కాజ దాటుతుండగా ఇంజను ఒక్కసారిగా పట్టేసి, వెనక చక్రం రోడ్డును గీసుకుంటూ ఆగిపోయింది. ఆయన పడలేదు, అదృష్టం. బండిని ఆటోనగర్‌కు ట్రాలీలో వేసుకెళ్తే అక్కడ సిలిండరు విప్పి చూపించారు. గోడల నిండా నిలువుగా గీతలు.

ఇక్కడ కాస్త ఆగి, బోరు అంటే ఏమిటో చెప్పాలి. ఆర్‌ఎక్స్ సిలిండరు లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు. గీతలు పడ్డప్పుడు లేతు షాపులో ఆ గీతలు పోయేదాకా లోపలి ఇనుమును గుండ్రంగా కోసి, దానికి సరిపడే కాస్త పెద్ద పిస్టన్ వేస్తారు. మొదటి కోత పావు మిల్లీమీటరు. తర్వాత అర, ముప్పావు, ఒకటి. మామూలుగా దొరికే పిస్టన్లు అక్కడితో సరి. కోసిన ఇనుము మళ్లీ రాదు కాబట్టి ప్రతి సిలిండరుకూ పుట్టుకతోనే నాలుగు మరమ్మతులు రాసిపెట్టి ఉంటాయనుకోవచ్చు.

ఎరువుల కొట్టాయన బండికి అందులో మొదటిది అయిపోయింది. పావు మిల్లీమీటరు కోశారు, కొత్త పిస్టన్ వేశారు. ఎందుకు పట్టేసిందని అడిగితే, ఆయిల్ పంపు సరిగ్గా పోసి ఉండదన్నారు. చూడకుండానే ఆ పంపు పీకేసి, ఇకమీదట పెట్రోల్లోనే ఆయిల్ కలుపుకోమన్నారు. ఆయన అలాగే లీటరుకు 30, 40 మిల్లీలీటర్లు కలుపుకుంటూ ఊళ్లో నెమ్మదిగా తిరిగాడు. పదిహేనేళ్ల గడువు తీరినప్పుడు ఏజెంటుకు డబ్బిచ్చి, హెడ్మాస్టరు గారి పేరు మీదనే ఇంకో అయిదేళ్లు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాడు. వేడెక్కాక రేసు పెరగడం ఆయనా గమనించాడు. కార్బొరేటర్ స్క్రూ తిప్పి తగ్గించుకున్నాడు. చివరికి విసుగొచ్చి అమ్మేస్తూ, ఆ సంగతి చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి, కొన్నవాడు చూసుకుంటాడులే అనుకున్నాడు. హెడ్మాస్టరు గారి సంతకాలున్న ఆ ఖాళీ ఫారాలనే మడిచి జేబులో పెట్టి పంపాడు.

మూడో చెయ్యి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు వాళ్లబ్బాయిది. అతని దగ్గర జరిగింది పొడుగ్గా చెప్పక్కర్లేదు. నరసరావుపేట రోడ్డులో ఒకసారి పట్టేసింది. అర మిల్లీమీటరు కోయించాడు. ఎర్ర రంగు వేయించాడు, సైలెన్సర్ లోపలి గొట్టం తీసేయించి వీధి మొత్తానికీ వినపడేలా చేశాడు, ముగ్గురేసి ఎక్కి తిరిగారు. మళ్లీ పట్టేసింది. ఈసారి బాగు చేయించే ఓపిక లేక, ఉన్నదున్నట్టు ఒక బండ్ల కన్సల్టెన్సీకి తోలేశాడు. కన్సల్టెన్సీ వాళ్లకు కొన్నవాడు చూసుకుంటాడులే అన్న మాటతో కూడా పని లేదు. వాళ్ల వ్యాపారమే అది.

ఆర్‌ఎక్స్ మీద కుర్రకారుకు మోజు ముందునుంచీ ఉన్నదే. 2018లో బండి పేరే తెలుగు సినిమాకు పేరైంది. కన్సల్టెన్సీ వాళ్లు ముప్పావు మిల్లీమీటరు కోయించి, ట్యాంకుకు మళ్లీ నల్ల రంగు వేయించి, మడ్‌గార్డులకు క్రోమింగ్ చేయించి, కొత్త స్టిక్కర్లంటించి షెడ్డులో ముందు వరసలో నిలబెట్టారు. కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుగా పనిచేసే ఒక కుర్రాడు వచ్చి చూశాడు. ఒక్క కిక్కుకే స్టార్టయింది. అతను రావడానికి పది నిమిషాల ముందే ఎవరో స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచారన్నది అతనికి తట్టలేదు. ఇంజను మీద చెయ్యి పెట్టి చూస్తే తెలిసేది. ట్యాంకులో తన ముఖం చూసుకుని డబ్బు కట్టేశాడు.

నెల తిరక్కముందే చిలకలూరిపేట రోడ్డులో బండి పట్టేసింది. ఆటోలో వేసుకుని పొన్నూరు రోడ్డులో ఒక ముసలి మెకానిక్ షెడ్డుకు తెచ్చాడు.

"బాబాయ్, బోరు కొట్టించి ఇచ్చెయ్యి. ఆదివారం పిడుగురాళ్లలో మావాడి పెళ్లుంది."

"హెడ్డు తియ్యనీ ముందు."

హెడ్డు తీశాక మేస్త్రి కిరసనాయిల్లో గుడ్డ ముంచి పిస్టన్ నెత్తిన పేరుకున్న బొగ్గును రుద్దాడు. నలుపు పోయాక అల్యూమినియం మీద రెండంకెలు బయటపడ్డాయి.

"ఏందబ్బాయ్ ఇది?"

"డెబ్భై అయిదు."

"ముప్పావు. అంటే మూడుసార్లు కోశారు. ఇంకొక్క కోతకు చోటుంది. తర్వాత లైనరు దిగ్గొట్టించుకుంటావో, పాత ఇనుముకి వేసుకుంటావో నీ ఇష్టం."

"అయితే ఆ ఒక్కసారీ కొట్టించు బాబాయ్. వెళ్లాలి నేను."

మేస్త్రి గుడ్డ పక్కన పడేసి కుర్రాడి వంక చూశాడు. "మూడుసార్లు కోసినా పట్టేసిందంటే, కోత తక్కువై పట్టేసిందంటావా?"

కుర్రాడి దగ్గర జవాబు లేదు. పెళ్లికి బస్సులో వెళ్లొచ్చాడు.

సోమవారం అతను షెడ్డుకు వచ్చేసరికి మేస్త్రి పాత సిలిండరును మళ్లీ ఇంజను మీద కూర్చోబెట్టి, ప్లగ్గు కూడా బిగించి ఉన్నాడు. సైలెన్సర్ బిగించే బెజ్జాన్ని సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కతో మూసేశాడు. కార్బొరేటర్ తీసేసి, ఆ నోటికి ఇంకో రబ్బరు ముక్క కట్టి, దానికి సైకిల్ ట్యూబు వాల్వు బిగించాడు. పంపు పెట్టి రెండే రెండు సార్లు నొక్కాడు. "ఎక్కువ కొడితే బాగున్న సీళ్లు కూడా తన్నుకొస్తయ్" అన్నాడు. తర్వాత ఒక గిన్నెలో సబ్బు నురగ కలిపి, బ్రష్షుతో ఇంజను చుట్టూ రాసుకుంటూ పోయాడు. బేస్ గ్యాస్కెట్ దగ్గర ఏమీ లేదు. హెడ్డు దగ్గర ఏమీ లేదు. ఎడమవైపు మూత తీసేసి ఉన్న మ్యాగ్నెటో వెనక రాయగానే చిన్న చిన్న బుడగలు లేచాయి. ఒకటి పగిలితే ఇంకొకటి, ఆగకుండా.

"అదీ నీ జబ్బు" అన్నాడు మేస్త్రి.

టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు, ఆయిల్, గాలి కలిసిన మిశ్రమం నేరుగా సిలిండరులోకి పోదు. ముందు కింద క్రాంకు ఉండే గదిలోకి పోయి, అక్కణ్ణించి పైకి వెళ్తుంది. అందుకే ఆ గది గాలి చొరకుండా ఉండాలి. క్రాంకుకు రెండు పక్కలా ఉండే రబ్బరు సీళ్ల పని అదే. కుడివైపు సీలు పోతే గేర్‌బాక్సు ఆయిల్ లోపలికి వచ్చి తెల్ల పొగ కక్కుతుంది, వెనక వచ్చేవాళ్లే చెప్తారు. ఎడమవైపుది పోతే పైకి ఏమీ కనపడదు. కార్బొరేటర్‌తో సంబంధం లేకుండా పక్కదారిన గాలి దూరుతుంది. గాలి ఎక్కువై, పెట్రోలూ దాంతోపాటు వచ్చే ఆయిలూ తగ్గుతాయి. ఇంజను మామూలు కన్నా వేడెక్కుతుంది. ఇనప సిలిండరు కన్నా అల్యూమినియం పిస్టన్ ఎక్కువ వ్యాకోచించి గోడలకు కరుచుకుంటుంది. కరుచుకునే ముందు బండి చురుగ్గా పోతున్నట్టే ఉంటుంది కూడా. ఎరువుల కొట్టాయన మురిసింది అందుకే.

మ్యాగ్నెటోకు పుల్లర్ వేసి లాగి, వెనకాల ఉన్న సీలు పెకలించి మేస్త్రి కుర్రాడి అరచేతిలో పెట్టాడు. రబ్బరు పెదవి రాయిలా గట్టిపడి, ఒక పక్క పగిలి ఉంది. కొత్తది హోటల్లో భోజనం ఖరీదు చెయ్యదు. అది వేశాక, అప్పుడు మాత్రమే సిలిండరును లేతుకు పంపాడు. నాలుగో కోత. పిస్టన్ ఒక మిల్లీమీటరుది. "మొదటి అయిదొందల కిలోమీటర్లు అదిలించబాక, హైవే ఎక్కబాక" అని చెప్పి, పాత పిస్టన్‌ను కాగితంలో చుట్టి కుర్రాడికిచ్చాడు.

ఇంజను సంగతి తేలింది. కాగితాల సంగతి మిగిలింది. కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన కవరులో పసుపు పచ్చగా మారిన ఖాళీ ఫారాలున్నాయి. ఆర్సీలో పేరు ఇంకా హెడ్మాస్టరు గారిదే. గడువు తీరిపోయి ఏళ్లయింది. కుర్రాడు ఆర్సీలో ఉన్న చిరునామా పట్టుకుని బ్రాడీపేట వెళ్లాడు.

ఎనభైకి దగ్గరపడ్డ హెడ్మాస్టరు గారు తలుపు తీశారు. బండి నంబరు చెప్పగానే ఆయన లోపలికి వెళ్లి ఒక అట్ట ఫైలు తెచ్చి కుర్రాడి ఒళ్లో పడేశారు. హెల్మెట్ లేదని ఒక చలానా. ముగ్గురెక్కారని నరసరావుపేటలో ఇంకొకటి. ఎప్పుడో రాత్రి ఎక్కడో సైకిలు వాణ్ణి గుద్ది ఆగకుండా పోయిన బండి ఇదేనేమోనని ఒక కానిస్టేబులు ఇంటికొచ్చి అడిగిన రోజు కూడా ఉందట.

"ఇరవై ఏళ్లుగా నేను నడపని బండికి నేను సంజాయిషీ చెప్పుకుంటున్నానబ్బాయ్. కొన్నవాళ్లలో ఒక్కడికైనా బుద్ధుండొద్దూ?"

"అందుకే వచ్చానండీ మాస్టారూ. నా పేరుకు మార్పించుకుంటా. ఇన్నాళ్లూ ఊరికే పట్టేస్తుండేదట, మొన్ననే బాగయింది. ఎవరూ చూడలేదు గానీ, అంతా ఒక క్రాంకు సీలు వల్ల."

హెడ్మాస్టరు గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు: "ఎడమవైపుదేనా?"

"అవునండీ. మీకెలా తెలుసు?"

ఆయన ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. కళ్లజోడు పెట్టుకుని, చొక్కా మార్చుకుని వచ్చి, "పద, ఆర్టీఏ ఆఫీసుకు నేనూ వస్తాను. ఈసారి గళ్లన్నీ నింపాకే సంతకం పెడతా" అన్నారు.

కథ ఇంతే. ఇక నీతి: లోపం దాచి అమ్మినవాడు బండిని మాత్రమే అమ్ముకున్నాడు, లోపం ఇంకా అతని పేరునే ఉంది.

ఈ కథలో చెడ్డవాడు ఎవరని అడిగితే చెప్పడం కష్టం. కన్సల్టెన్సీ వాళ్ల మీదికి వేలు చూపడం తేలిక. కానీ వాళ్లు చేసింది, వాళ్లకన్నా ముందు మర్యాదస్తులు చేసిందే, కాస్త రంగు ఎక్కువ వేసి. హెడ్మాస్టరు గారు మంచివారు కాబట్టే ఆయన్ను మొదట పెట్టాను. పదమూడేళ్లు ప్లగ్గు రుద్దిన చేతులు పద్నాలుగో ఏట భోజనం ఖరీదు చెయ్యని సీలు దగ్గర ఎందుకు ఆగాయి? బండి తనది కాకుండా పోతుందని తెలియడం వల్ల. మన శ్రద్ధలో ఎంత భాగం వస్తువు మీద, ఎంత భాగం అది మనదే అన్న భావం మీద ఉందో అమ్మే రోజున బయటపడుతుంది.

మధ్యలో ఎవరూ డబ్బు ఖర్చు పెట్టలేదని కాదు. బోర్లకు, పిస్టన్లకు, రంగులకు, క్రోమింగులకు పెట్టినదంతా కలిపితే ఇంకో బండి వచ్చేది. కారణం వెతకని మరమ్మతు ఊరికే పోదు, తిరిగిరాని దాన్ని కొంచెం కోసుకుని పోతుంది. అసలు ఆ కోతలన్నీ అవసరమైంది గాలి క్రాంకు గదిలోకి దూరడం వల్లే. సీలు 2003లో మార్చి ఉంటే ఈ బండి ఇవాళ్టికీ 50 మిల్లీమీటర్ల దగ్గరే ఉండేదేమో.

కాగితాల విషయంలో చట్టం కథకన్నా సూటిగా ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, అదే రాష్ట్రంలో బండి అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు ఒక కారు కేసు వచ్చింది. ఆ కారు చేతులు మారుతూ పోయింది, ఆర్సీలో పేరు మాత్రం మారలేదు. చివరి చేతిలో ఉండగా ప్రమాదం జరిగింది. ఎప్పుడో అమ్మేసిన మొదటాయనే, రికార్డుల్లో యజమానిగా ఉన్నాడు గనక, పరిహారానికి బాధ్యుడని కోర్టు తేల్చింది. మా హెడ్మాస్టరు గారు చలానాలతో బయటపడ్డారు, అంతే.

పాత బండ్లకు ప్రాణం పోయాలనుకునే కుర్రాళ్లకు ఒక మాట. ఈ మధ్య అందరూ ట్యాంకు రంగుతో మొదలుపెడుతున్నారు. ఫొటోకి అదే బాగుంటుంది మరి. నా ఓటు మాత్రం సీళ్లకు, బేరింగులకు, వైరింగుకు, బ్రేకు షూలకు. ఆర్‌ఎక్స్‌కు రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, పరుగు మాత్రం నూరు దాకా ఉంది. క్రోమింగు డబ్బుతో ముందు బ్రేకు షూలు మార్పించుకున్నవాణ్ణి చూస్తే నాకు ముచ్చటేస్తుంది. రంగు చివర వెయ్యండి.

కొనబోయే బండిని పొద్దున్నే, చెప్పకుండా వెళ్లి చూడండి. ముందు ఇంజను రెక్కల మీద చెయ్యి పెట్టండి, చల్లగా ఉంటేనే కిక్కు కొట్టండి. వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలి రేసు దిగుతుందో లేదో వినండి. ప్లగ్గు విప్పితే గోధుమ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువవుతోందని అనుమానించండి. హెడ్డు విప్పి పిస్టన్ మీద అంకె చూపించమంటే ఒప్పుకోని వాడితో బేరం ఆపెయ్యండి. ఆర్సీలో పేరున్న మనిషి ఎదురుగా లేకపోతే, అతని ఇల్లెక్కడో కనుక్కున్నాకే డబ్బు తియ్యండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ఆర్సీతో పోల్చుకోవడం రెండు నిమిషాల పని.

అమ్మేవాళ్లకు అంతకన్నా చిన్న పని ఉంది. బండిలో మీకు తెలిసిన జబ్బులన్నీ ఒక కాగితం మీద రాసి తాళాలతో పాటు ఇవ్వండి. రేటు కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి. ఇదివరకే అమ్మేసి మరిచిపోయినవాళ్లు మాత్రం ఈ పత్రిక పక్కన పెట్టి, ఆ బండి ఇవాళ ఎవరి పేరున ఉందో ఆర్టీఏలో కనుక్కోండి. మీ పేరే ఉంటే, రేపే వెళ్లండి.